రంపం పట్టేముందు లెక్క: పరవాడ గాలిలో చెక్క టీవీ స్టాండు

ఇప్పటి 43 అంగుళాల టీవీ తొమ్మిది కిలోలకు అటూఇటూగా తూగుతుంది. ఒకప్పటి 29 అంగుళాల డబ్బా టీవీని ఎత్తాలంటే ఇద్దరు కావాల్సి వచ్చేది. బరువు తగ్గింది గానీ స్టాండు అవసరం తీరలేదు. గోడకు బిగించుకోవచ్చు కదా అంటారు. సొంత ఇల్లయితే సరే. పరవాడ చుట్టూ ఫార్మాసిటీ, ఎన్టీపీసీ సింహాద్రి, కాస్త అవతల ఉక్కు కర్మాగారం. ఉద్యోగాల కోసం వచ్చి అద్దె ఇళ్లలో ఉంటున్నవారు చాలామంది. గోడకు రంధ్రాలు పెట్టాలంటే ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, ఇల్లు మారితే మళ్లీ పెట్టాలి. స్టాండయితే మిగతా సామానుతో పాటు బండెక్కుతుంది.

వడ్రంగం నేర్చుకోవాలనే సరదా ఉన్నవారికి ఇది సరైన మొదటి పని కూడా. కుర్చీకి వంపులుంటాయి, మంచం మనుషుల్ని మోయాలి, తలుపు రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా పట్టుకుపోతుంది. టీవీ స్టాండుకు ఉండేవి ఏడు పలకలు. అన్నీ తిన్నని అంచులవే. కొలవడం, కోయడం, మూలమట్టం చూడడం, గాడి తీయడం, అతకడం, నునుపు చేయడం అనే ఆరు పనులూ ఇందులో వచ్చేస్తాయి. ఒక్కో పనికి వెనక ఒకటి రెండు అంకెలుంటాయి. అవి ముందుగా కాగితం మీదికి వస్తే చెక్క వృథా కాదు.

టీవీ ఎంత, స్టాండు ఎంత?

టీవీకి చెప్పే అంగుళాలు తెర కర్ణానివి. 16:9 తెరలో వెడల్పు ఆ కర్ణంలో 87 శాతం, ఎత్తు 49 శాతం. ఆ లెక్కన:

- 32 అంగుళాల తెర: వెడల్పు 71 సెం.మీ., ఎత్తు 40 సెం.మీ.
- 43 అంగుళాల తెర: వెడల్పు 95 సెం.మీ., ఎత్తు 54 సెం.మీ.
- 55 అంగుళాల తెర: వెడల్పు 122 సెం.మీ., ఎత్తు 68 సెం.మీ.

చాలా టీవీలకు ఇప్పుడు కాళ్లు రెండు కొసలకు దగ్గరగా ఉంటున్నాయి. కాబట్టి స్టాండు టీవీ కన్నా పొడవుండాలి. 43 అంగుళాల టీవీకి 120 సెం.మీ. పొడవు పెట్టుకుంటే రెండు వైపులా పన్నెండేసి సెం.మీ. మిగులుతుంది. లోతు 40 సెం.మీ. చాలు. సెట్‌టాప్ బాక్సు, దాని వెనక వైర్లు, గాలి ఆడే ఖాళీ అందులో సరిపోతాయి.

అసలు చిక్కు ఎత్తు దగ్గర వస్తుంది. పాశ్చాత్య దేశాల పుస్తకాలు సోఫాలో కూర్చున్న మనిషి కంటి ఎత్తునే లెక్కలోకి తీసుకుంటాయి. మన ఇళ్లలో సగంమంది సోఫాలో ఉంటే సగంమంది చాప మీద ఉంటారు. సోఫాలో ఆనుకుని కూర్చుంటే కన్ను నేల నుంచి దాదాపు 105 సెం.మీ. ఎత్తున ఉంటుంది. నేల మీద కూర్చుంటే 70 దగ్గర. స్టాండు ఎత్తు 50 సెం.మీ. అనుకుందాం. టీవీ కాళ్లకు 6, తెర సగం ఎత్తుకు 27 కలిపితే తెర నడిబొడ్డు 83 సెం.మీ. దగ్గర పడుతుంది. రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే సోఫాలోని వారి చూపు ఆరు డిగ్రీలు దిగుతుంది, చాప మీది వారి చూపు నాలుగు డిగ్రీలు లేస్తుంది. ఇద్దరి మెడకూ ఇబ్బంది లేదు. మీ ఇంట్లో వాళ్లను కూర్చోబెట్టి టేపుతో కొలిచి ఈ అంకెలు మార్చుకోండి.

దూరం విషయానికొస్తే, తెర మన కంటి ముందు 30 డిగ్రీల మేర పరుచుకోవాలన్నది సినిమా, టీవీ సాంకేతిక నిపుణులు వాడే ఒక ప్రమాణం. 43 అంగుళాలకు అది 1.8 మీటర్లు. 55 అంగుళాలకు 2.3 మీటర్లు. పది అడుగుల గదిలో 43 అంగుళాల టీవీ హాయిగా ఇముడుతుంది.

ఒక షీటు, మూడు పట్టీలు, ఏడు పలకలు

ప్లైవుడ్ షీటు మామూలు కొలత 8×4 అడుగులు. అంటే 2440×1220 మి.మీ. దాన్ని పొడవునా 400 మి.మీ. పట్టీలుగా కోస్తే మూడు వస్తాయి, అంచున 20 మి.మీ. మిగులుతుంది. ఆ మిగులు వృథా అనుకోకండి. రంపపు బ్లేడు ప్రతి కోతకూ తనకింత తింటుంది. కరెంటు రంపమైతే సుమారు 3 మి.మీ. మూడు కోతలకు 9 పోతుంది. దీన్ని లెక్కలో వేసుకోకపోవడమే కొత్తవారు చేసే మొదటి పొరపాటు.

18 మి.మీ. మందం ప్లైతో మన స్టాండుకు కావలసిన పలకలివి:

- పైపలక 1: 1200×400
- అడుగుపలక 1: 1176×400
- పక్కపలకలు 2: 482×400
- నడిమి నిలువు పలక 1: 396×400
- అరలు 2: 585×400

అడుగుపలక రెండు పక్కల మధ్య ఇమడాలంటే 1200లోంచి రెండు మందాలు, అంటే 36 తీసేయాలి, 1164 రావాలి. మరి 1176 ఎందుకు? రెండు కొసలూ పక్కపలకల్లో తీసిన గాడిలోకి 6 మి.మీ. చొప్పున దిగుతాయి కాబట్టి. అరలకూ, అడుగుపలక నేలకు 80 మి.మీ. ఎత్తున ఉంటుందనుకుని లెక్కవేసిన నడిమి పలకకూ అదే 12 కలిసింది.

మొదటి పట్టీలో పైపలక, అడుగుపలక వస్తాయి. 2376 పోగా 64 మిగులుతుంది. రెండో పట్టీలో రెండు పక్కలు, రెండు అరలు: మొత్తం 2134. మూడో పట్టీలో నడిమి పలక ఒక్కటే. ఇంకా రెండు మీటర్ల ముక్క చేతిలో ఉంటుంది. అడుగుపలక నడుమ కుంగకుండా కింద ముందూ వెనకా నిలువుగా బిగించే పట్టీలకూ, రెండు సొరుగుల ముఖాలకూ అది సరిపోతుంది. పలకల మొత్తం వైశాల్యం 1.96 చదరపు మీటర్లు, షీటులో 66 శాతం. బరువు సుమారు 21 కిలోలు. ఇద్దరు మోస్తే మెట్లెక్కుతుంది.

ఎనిమిదడుగుల షీటును ఇంట్లో తిన్నగా కోయడం కొత్త చేతికి కష్టం. టేబుల్ రంపం ఉన్న ప్లైవుడ్ దుకాణంలోనో వడ్రంగి షెడ్డులోనో మూడు పట్టీలు కోయించుకుని, అడ్డకోతలు మీరు కోసుకుంటే పనీ వస్తుంది, చెక్కా దక్కుతుంది.

పలక ఎందుకు కుంగుతుంది?

స్టాండు మధ్యలో నిలువు పలక అందానికి పెట్టింది కాదు. ఆధారాల మధ్య దూరం రెట్టింపయితే కుంగుబాటు ఎనిమిది రెట్లవుతుంది. దూరం ఘనంతో పెరుగుతుంది అది.

లెక్క వేద్దాం. 1164 మి.మీ. దూరం, 400 వెడల్పు, 18 మందం, నడిమధ్యన పది కిలోల బరువు. ప్లైవుడ్ బిగువు సుమారు 6,000 న్యూటన్లు చదరపు మి.మీ.కి అనుకుంటే పలక దాదాపు 3 మి.మీ. దిగుతుంది. మధ్యలో నిలువు పలక పెట్టగానే దూరం 573కు పడిపోతుంది, కుంగుబాటు మిల్లీమీటరులో మూడో వంతుకు వస్తుంది. చెక్క మీద బరువు ఏళ్ల తరబడి ఉంటే మొదటి రోజు కుంగుబాటు రెట్టింపు కూడా కావచ్చు. 3 మి.మీ. ఆరయితే కంటికి కనబడుతుంది. మూడో వంతు రెట్టింపయినా ఎవరికీ పట్టదు.

మందానిదీ ఇదే తీరు. 12 మి.మీ. పలక బదులు 18 వాడితే మందం ఒకటిన్నర రెట్లే, బిగువు మాత్రం 3.4 రెట్లు. ఎండీఎఫ్, పార్టికల్ బోర్డుల బిగువు మంచి ప్లైలో సగం దగ్గర ఉంటుంది. అందుకే బజారులో కొన్న పొడవాటి బోర్డు స్టాండ్లు కొన్నాళ్లకు నడుం వంచుతాయి. టేకు బిగువు ప్లై కన్నా ఒకటిన్నర రెట్లు పైనే.

ఉప్పుగాలి పద్దు

పరవాడ మండలానికి ముత్యాలమ్మపాలెం దగ్గర సముద్రతీరం ఉంది. ఈ గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం పైమాటే. చెక్క ఆ తేమను పీలుస్తుంది, వదులుతుంది. గాలిలో తేమ 75 శాతం ఉంటే చెక్కలో తేమ 14 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఏసీ వేసిన గదిలో గాలి తేమ 50–55కు దిగితే చెక్కలో తొమ్మిది పది శాతమే నిలుస్తుంది.

ఈ నాలుగు శాతం తేడా ఏం చేస్తుందో చూడండి. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వలయాల వెంబడి 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం ముడుచుకుంటుంది. పొడవునా ముడుచుకునేది లెక్కలోకి రాదు. 40 సెం.మీ. వెడల్పు టేకు పైపలక నాలుగు శాతం తేమ కోల్పోతే, దుంగను కోసిన తీరును బట్టి 1.3 నుంచి 3 మి.మీ. దాకా తగ్గుతుంది. దాన్ని నాలుగు మూలలా గట్టిగా స్క్రూలతో బిగించేస్తే కదలడానికి చోటు లేక పగులుతుంది. అనుభవమున్న మేస్త్రీలు పైపలకకు స్క్రూ రంధ్రాన్ని గుండ్రంగా కాక కోలగా తీసేది ఇందుకే.

ప్లైవుడ్‌లో పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు. ఒక పొర సాగబోతే పక్కపొర పట్టి ఆపుతుంది. తొలి స్టాండుకు ప్లై మంచిదనడానికి ఇదే పెద్ద కారణం. ఐఎస్ 303 ప్రమాణంలో రెండు రకాలున్నాయి: తేమను కొంతవరకు తట్టుకునే ఎంఆర్, మరిగే నీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైని 72 గంటలు మరిగించి పరీక్షిస్తారు. టీవీ స్టాండుకు మెరైన్ అవసరం లేదు. కానీ ఈ తీరంలో ఎంఆర్ కన్నా బీడబ్ల్యూఆర్ మేలు. అడుగుపలక నేలకు 80 మి.మీ. ఎత్తున ఉంటే తడిగుడ్డ తగలదు, చెదలు వచ్చినా కనబడతాయి.

ఉక్కు నగరానికి పక్కనే ఉన్నా మామూలు ఇనుప స్క్రూ ఇక్కడ త్వరగా తుప్పు పడుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ ఇత్తడివి గానీ కొనండి.

ప్యాకింగ్ చెక్క ఊరికే వస్తే?

ఓడరేవు, పరిశ్రమలు ఉన్నచోట యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్క, ప్యాలెట్లు చవగ్గా దొరుకుతాయి. చాలావరకు పైన్. పని నేర్చుకోవడానికి మెత్తని చెక్క. అయితే దాని మీది ముద్ర చదవడం రావాలి. అంతర్జాతీయ సరుకుల్లో వాడే ప్యాకింగ్ చెక్కకు ఐఎస్‌పీఎం 15 అనే ప్రమాణం ఉంది. గోధుమ వెన్ను బొమ్మ పక్కన దేశం గుర్తు, నమోదు సంఖ్య, శుద్ధి పద్ధతి ఉంటాయి. హెచ్‌టీ అని ఉంటే చెక్క లోపలిదాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాలు తగిలిందని అర్థం. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించారు. ఎంబీ చెక్కను ఇంట్లోకి తేవద్దు. ముద్ర ఏదైనా, రసాయనాల డ్రమ్ములు మోసిన ప్యాలెట్ల జోలికి అసలే పోవద్దు. ఏం ఒలికి ఏం ఇంకిందో పైకి కనబడదు.

సొంత దొడ్లోని చెట్టు కొట్టి చేసుకుందామనుకుంటే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. పైగా పచ్చి కర్రలో తేమ 30 శాతం పైనే ఉంటుంది. అది 14కు దిగేదాకా నీడన పేర్చి ఆరబెట్టాల్సిందే. ఆరిందో లేదో త్రాసే చెబుతుంది: చిన్న ముక్క తూచి, ఓవెన్లో బరువు తగ్గడం ఆగేదాకా ఎండబెట్టి మళ్లీ తూచండి. 114 గ్రాములది 100కు ఆగితే తేమ 14 శాతం.

చేతికి రావలసిన పనులు

మూలమట్టం. ఈ స్టాండుకు 1200, 500 కొలతలు తీసుకోవడంలో ఒక సుఖం ఉంది. పైమూల నుంచి ఎదుటి కింది మూలకు కొలిస్తే సరిగ్గా 1300 మి.మీ. రావాలి. 5, 12, 13 భుజాల లంబకోణ త్రిభుజమిది. యజ్ఞవేదికలు కట్టడానికి రాసిన ఆపస్తంబ శుల్బసూత్రాల్లోనే ఈ త్రయం ఉంది. రెండు కర్ణాలూ 1300 వస్తే పెట్టె చచ్చదరంగా నిలిచినట్టు. ఒకటి 1303, మరొకటి 1297 వచ్చిందంటే జిగురు ఆరకముందే పొడవైన కర్ణం వెంబడి క్లాంపు బిగించి లాగండి.

గాడి. పలక మందంలో మూడో వంతు లోతు నియమం. 18కి 6. రంపంతో రెండు గీతలు దింపి, మధ్యలోది ఉలితో తీయాలి. నడిమి పలకకు రెండు వైపులా అరలుంటాయి కాబట్టి ఒక జాగ్రత్త ఉంది. రెండు గాడులూ ఒకే ఎత్తులో తీస్తే మధ్యలో మిగిలేది 6 మి.మీ. మాత్రమే. ఎడమ అర కాస్త పైకి, కుడి అర కాస్త కిందికి పెట్టండి. పైది సెట్‌టాప్ బాక్సుకు, కిందిది ఎత్తైన స్పీకరుకు పనికొస్తుంది.

ఉలి. అంచును 25 డిగ్రీల వాలున సానబట్టి, కొసన 30 డిగ్రీల సన్నని వాలు ఇస్తే పదును నిలుస్తుంది. మొద్దు ఉలే ఎక్కువ ప్రమాదం. బలం పెట్టాల్సి వస్తుంది, జారితే చేతి మీదికి వస్తుంది. రెండు చేతులూ అంచుకు వెనకే ఉండాలి.

అతుకు. పలక కొసన జిగురు నిలవదు, పీచు గొట్టాలు దాన్ని పీల్చేస్తాయి. గాడి ఆ లోటు తీరుస్తుంది. పైపలకకు పక్కపలకలకు మధ్య 8 మి.మీ. కొయ్య మేకులు చాలు. పైపలకలోకి 12 మి.మీ. లోతు, అంతకు మించితే పైకి పొడుచుకొస్తుంది. స్క్రూ వేసేచోట 4 మి.మీ. స్క్రూకు 3 మి.మీ. రంధ్రం ముందే తీయండి. స్క్రూ పొడవులో మూడింట రెండు వంతులు రెండో పలకలో దిగాలి. 18 మి.మీ. పలకకు 50 మి.మీ. స్క్రూ ఆ లెక్కకు వస్తుంది. తెల్ల జిగురు గంటలో పట్టుకుంటుంది, పూర్తి బలానికి 24 గంటలు ఆగాలి.

నునుపు. ఉప్పుకాగితం మీది అంకె పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది. 120 నంబరు రవ్వ 125 మైక్రాన్లు, 180ది 82, 240ది 58. మెట్టు దాటేస్తే ముందు కాగితం గీతలు వార్నిష్ కింద బయటపడతాయి. ప్లై పైపొర అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి 80 నంబరు జోలికి పోకుండా 120తో మొదలుపెట్టండి, పీచు వెంబడే రుద్దండి. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మాస్కు తప్పనిసరి. కరెంటు రంపం చప్పుడు వంద డెసిబెల్స్ దాకా పోతుంది. ఆ చప్పుడులో రోజుకు పావుగంట మించి చెవులు విప్పి ఉండకూడదు.

సొరుగుల పిడులకు దూరం వెళ్లక్కర్లేదు. ఇదే అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిరుగుడు మీద పెట్టి లక్క రంగులద్దుతారు. అలా చేసే ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

టీవీ పడకుండా

ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ లెక్క అన్నింటికన్నా ముఖ్యం. తొమ్మిది కిలోల టీవీ కాళ్ల లోతు 20 సెం.మీ. అనుకోండి. 60 సెం.మీ. ఎత్తున పైఅంచు పట్టి ముందుకు లాగితే అది ఒరగడానికి 1.5 కిలోల బలం చాలు. రెండేళ్ల పిల్ల లాగగలదు. అదే టీవీని వెనకనుంచి పట్టీతో స్టాండుకు బిగిస్తే రెండూ కలిసి ఒరగాలి. 30 కిలోలు, 40 సెం.మీ. లోతు, 110 సెం.మీ. ఎత్తు: అప్పుడు కావలసింది దాదాపు 5.5 కిలోల బలం. మూడున్నర రెట్లు. బరువైన సామాను అడుగు అరలో పెడితే ఇంకా పెరుగుతుంది. గోడకు ఒక్క మేకు కొట్టే వీలున్నా స్టాండును గోడకు కూడా కట్టేయండి.

ఖర్చు ఎలా అంచనా వేయాలి?

ప్లై ధర చదరపు అడుగుకు చెబుతారు. షీటు 32 చదరపు అడుగులు. అడుగు వంద రూపాయలనుకుంటే షీటు 3,200. మన పలకలు వాడుకునేది 21 అడుగులే అయినా దుకాణంలో పూర్తి షీటే కొనాలి. టేకును ఘనపుటడుగుల్లో అమ్ముతారు. ఇదే స్టాండు టేకుతో చేస్తే 1.25 ఘనపుటడుగులు, కోతకూ చిత్రికకూ పోయే 30 శాతం కలిపితే 1.6. డిపోలో అడుగు రేటును 1.6తో హెచ్చవేస్తే కర్ర ఖర్చు వస్తుంది. చిత్రిక పట్టాక అంగుళం పలక 20–22 మి.మీ.కి వస్తుందనీ, 40 సెం.మీ. వెడల్పు కోసం మూడు నాలుగు పలకలు అంచులు కలిపి అతకాలనీ గుర్తుంచుకోండి.

ఈ పనినే బతుకుదెరువు చేసుకుంటున్నవారికి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000 రూపాయల వోచరు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకు రుణం ఇస్తారు.

సరదాకు నేర్చుకునేవారికి మాత్రం సలహా ఒక్కటే. మొదటి స్టాండు 18 మి.మీ. బీడబ్ల్యూఆర్ ప్లైతో, 120×40×50 కొలతల్లో, మధ్యలో నిలువు పలకతో చేయండి. ముందున్న ప్లై అంచులకు సన్నని టేకు బీడింగు వేయండి. టేకు పలకల జోలికి రెండో స్టాండుకు వెళ్లండి. అప్పటికి కర్ర ముడుచుకునే లెక్క మీ చేతికి వచ్చి ఉంటుంది, ఖరీదైన చెక్క మీద ప్రయోగాలు చేయాల్సిన పని ఉండదు.